నలుగురిలో ఉన్నప్పుడు మనిషి

ఒక గదిలో బల్ల ముందు ఏడెనిమిది మంది కాలేజీ కుర్రాళ్ళు కూర్చున్నారు. ఎదురుగా రెండు అట్టలు. ఒకదాని మీద పది అంగుళాల గీత ఒక్కటే ఉంది, రెండోదాని మీద మూడు గీతలున్నాయి. ఆ మూడింట్లో మొదటి గీతతో సమానమైనది ఏదో ఒకరి తర్వాత ఒకరు పైకి చెప్పాలి. అంతే పని, చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మొదటి రెండు విడతల్లో అందరూ సరిగ్గానే చెప్పారు. మూడో విడతలో మొదటి కుర్రాడు తప్పు గీత చెప్పాడు. రెండో అతనూ అదే చెప్పాడు. మూడు, నాలుగు, ఐదు... ఎవరి గొంతులోనూ తడబాటు లేదు. చివరి నుంచి రెండో కుర్చీలో ఉన్న కుర్రాడు ఒకసారి అట్ట వైపు, ఒకసారి పక్కవాళ్ళ వైపు చూస్తున్నాడు. మిగతావాళ్ళంతా ముందే కూడబలుక్కుని వచ్చారన్న సంగతి అతనికి తెలియదు.

1950ల మొదట్లో సాలమన్ ఆష్ అమెరికాలో చేసిన ప్రయోగం ఇది. సామాజిక మనోవిజ్ఞానం మొదలుపెట్టిన ఏ విద్యార్థికైనా తొలి వారాల్లోనే ఎదురవుతుంది. ఒంటరిగా కూర్చుని చెప్పినప్పుడు నూటికి ఒక్క తప్పు కూడా రాలేదు. గుంపు తప్పు చెబుతున్నప్పుడు మాత్రం దాదాపు 37 శాతం జవాబులు గుంపు వైపే వెళ్ళాయి. మనిషి గొర్రెలాంటివాడని చెప్పడానికి ఈ అంకెను తెగ వాడుతుంటారు. నిజానికి ఆష్ ఉద్దేశం అది కాదు. అదే లెక్కను ఇంకోవైపు నుంచి చూస్తే, కళ్ళ ముందున్నది కాదని అందరూ చెబుతున్నా దాదాపు 63 శాతం జవాబులు సరైనవే. ప్రతి నలుగురిలో ఒకరు మొత్తం మీద ఒక్కసారి కూడా లొంగలేదు.

అసలు ఆసక్తికరమైనవి ఆ తర్వాత చేసిన మార్పులు. గుంపులో ఒకే ఒక్కడు సరైన గీత చెప్పేలా ఏర్పాటు చేస్తే లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది. తోడుగా నిలిచిన ఆ ఒక్కడూ మధ్యలో గుంపులో కలిసిపోతే తప్పులు మళ్ళీ పెరిగాయి. ఎదుటివాళ్ళ సంఖ్యను కూడా ఆష్ మార్చి చూశాడు. ఒక్కడే తప్పు చెబితే ప్రభావం దాదాపు లేదు, ఇద్దరైతే కొంత ఉంది. ముగ్గురయ్యేసరికి దాదాపు పూర్తి ప్రభావం వచ్చేసింది, ఆపైన ఎంతమందిని చేర్చినా పెద్ద తేడా లేదు. మనవాళ్ళు 'నలుగురితో నారాయణ' అన్నప్పుడు లెక్క వేసి అనలేదు గానీ, ఎదురుగా ముగ్గురు, నాలుగో మనిషి మనం అనుకుంటే లెక్క బాగానే కుదిరింది.

ఎదుటివాళ్ళు ఉన్నప్పుడు, ఉన్నారని ఊహించుకున్నప్పుడు, చివరికి లేకపోయినా ఉన్నట్టే అనిపించినప్పుడు కూడా మనిషి ఆలోచన, అనుభూతి, నడవడిక ఎలా మారతాయో చూడటమే ఈ శాస్త్రం పని. గోర్డన్ ఆల్‌పోర్ట్ ఇచ్చిన ఈ నిర్వచనం ఇప్పటికీ చెల్లుతోంది. 'నలుగురూ ఏమనుకుంటారో' అని ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్నా మనకు అనిపిస్తుందంటే, ఆ నలుగురూ గదిలో ఉండనక్కర్లేదన్నమాట. ఈ శాస్త్రం నుంచి నేర్చుకోవాల్సిన మొదటి సంగతి పరిస్థితికి చాలా బలం ఉందని. దాని పక్కనే ఉండాల్సిన రెండో సంగతిని తరచూ వదిలేస్తారు. ఆ పరిస్థితిని చిన్న మార్పుతోనే మార్చవచ్చు. ప్రసిద్ధ ప్రయోగాలన్నీ ఈ రెండింటినీ కలిపే చెప్పాయి. ప్రచారంలోకి వచ్చేసరికి మొదటిదే మిగిలింది.

మనిషి గుంపుతో ఎందుకు పోతాడు? ఇందులో రెండు రకాలున్నాయి. అవి పైకి ఒకేలా కనిపిస్తాయి. ఆష్ కన్నా ముందే, 1935లో, టర్కీలో పుట్టిన ముజఫర్ షెరీఫ్ చీకటి గదిలో కదలని చిన్న వెలుగుచుక్కను చూపించి అది ఎన్ని అంగుళాలు కదిలిందో చెప్పమన్నాడు. చీకట్లో అలాంటి చుక్క కదిలినట్టే అనిపిస్తుంది, అది కంటి భ్రమ. ఒక్కరే ఉన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ముగ్గురిని కలిపి కూర్చోబెడితే కాసేపటికి అందరి లెక్కలూ దగ్గరికొచ్చాయి. తర్వాత మళ్ళీ ఒంటరిగా అడిగినా గుంపులో కుదిరిన లెక్కే చెప్పారు. ఇక్కడ ఎవరూ ఎవరికీ భయపడలేదు. సంగతి తెలియదు కాబట్టి పక్కవాళ్ళను చూసి తెలుసుకున్నారు. ఆష్ గదిలో జరిగింది ఎక్కువగా వేరే రకం. సంగతి స్పష్టంగా తెలుసు, కాకపోతే అందరిలో వేరుగా నిలబడటం ఇబ్బంది. అందుకే జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే లొంగుబాటు బాగా తగ్గింది. కొత్త ఊళ్ళో జనం ఎక్కువగా ఉన్న టిఫిన్ బండి దగ్గరికి వెళ్ళడం మొదటి రకం. పెళ్ళిలో ఇష్టం లేకపోయినా అందరితో పాటు డీజే ముందు నాలుగు స్టెప్పులు వేయడం రెండో రకం.

ఈ రెండూ ముడిపడే చోటు ఒకటుంది. ఇంగ్లిష్‌లో దాన్ని ప్లూరలిస్టిక్ ఇగ్నరెన్స్ అంటారు. పేరు బరువుగా ఉన్నా, ఇంటర్ క్లాసులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఇది పరిచయమే. లెక్చరర్ బోర్డు నిండా ఇంటిగ్రేషన్ చేసి వెనక్కి తిరిగి 'అర్థమైందా? డౌట్లున్నాయా?' అని అడుగుతారు. అరవై మందిలో యాభై మందికి మూడో లైను దగ్గరే దారి తప్పింది. ఒక్క చెయ్యీ లేవదు. ప్రతివాడూ పక్కకు చూస్తాడు. పక్కవాడు మామూలుగా నోట్సులో ఏదో రాసుకుంటున్నట్టు కనిపిస్తాడు. 'వీడికి అర్థమైంది, నాకే కాలేదు' అనుకుని తనూ పెన్ను కదిలిస్తాడు. ఆ కదిలే పెన్నును చూసి ఇంకొకడు అదే అనుకుంటాడు. తన మౌనానికి మొహమాటం కారణమని తనకు తెలుసు, ఎదుటివాడి మౌనానికి మాత్రం తెలివే కారణమనుకుంటాడు. అందరి బుర్రలోనూ ఒకటే ఉంది, అందరి ముఖం మీదా వేరొకటి ఉంది, ఎవరికివారు ముఖాల్నే నమ్ముతారు. అదే క్లాసులో చీటీల మీద పేరు లేకుండా డౌట్లు రాసివ్వమని చూడండి, టేబుల్ నిండిపోతుంది.

కట్నం, ఆడంబరపు పెళ్ళిళ్ళు, ఆఫీసులో రాత్రి తొమ్మిది దాకా కూర్చోవడం లాంటివి ఇంత మొండిగా ఎందుకు నిలుస్తాయో అర్థం కావాలంటే ఈ క్లాసును గుర్తుపెట్టుకోవాలి. అందులో పాల్గొనే వాళ్ళందరికీ అది ఇష్టమని అనుకోనక్కర్లేదు. మిగతావాళ్ళకు ఇష్టమేమోనని ప్రతి ఒక్కరూ అనుకుంటే చాలు.

ఇక ప్రమాదం జరిగితే చుట్టూ చేరి చూసేవాళ్ళ సంగతి. ఈ అంశానికి పుట్టినిల్లు న్యూయార్క్. 1964 మార్చి 13 తెల్లవారుజామున క్వీన్స్‌లోని క్యూ గార్డెన్స్‌లో కిట్టీ జెనొవీస్ అనే 28 ఏళ్ళ యువతిని ఒక దుండగుడు పొడిచి చంపాడు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో కథనం వచ్చింది. 38 మంది గౌరవనీయులైన పౌరులు అరగంటకు పైగా చూస్తూ ఉండిపోయారని, దాడి జరుగుతుండగా ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదని దాని సారాంశం. దేశమంతా నివ్వెరపోయింది. నగరంలో మనుషులు రాళ్ళయిపోయారని సంపాదకీయాలు వచ్చాయి.

జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు యువ పరిశోధకులకు ఈ వివరణ సరిపోలేదు. 38 మంది ఉన్నా ఎవరూ కదల్లేదని కాక, 38 మంది ఉన్నారు కాబట్టే కదల్లేదేమో అని వాళ్ళ ఊహ. 1968లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్‌కమ్‌లో మాట్లాడించారు. మధ్యలో ఒక గొంతు మూర్ఛ వచ్చినట్టు తడబడి సాయం అడుగుతుంది. ఆ గొంతు వింటున్నది తను ఒక్కడే అనుకున్నప్పుడు 85 శాతం మంది, మూర్ఛ ఇంకా సాగుతుండగానే, లేచి వెళ్ళారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకుంటే 62 శాతం. మరో నలుగురు వింటున్నారనుకుంటే 31 శాతమే. కదలని వాళ్ళు నిర్లక్ష్యంగా ఏమీ లేరు. తర్వాత గదిలోకి వెళ్ళి చూస్తే చేతులు వణుకుతూ, అరచేతులు చెమటపట్టి ఉన్నారు. 'అతనికేం కాలేదు కదా?' అని అడిగారు. వెళ్ళాలా వద్దా అన్న దగ్గరే ఇరుక్కుపోయారు, అంతే. బాధ్యత అందరి మధ్యా చీలిపోయి ఒక్కొక్కరి వంతుకు కాస్తే మిగిలింది.

ఇంతకూ ఆ 38 మంది కథ నిజం కాదు. 2007లో ముగ్గురు బ్రిటన్ పరిశోధకులు కోర్టు రికార్డులను పరిశీలించి, అలా అరగంట పాటు చూస్తూ కూర్చున్న 38 మందికి ఆధారం లేదని తేల్చారు. దాడి రెండు చోట్ల జరిగింది. రెండోది భవనం లోపలి మెట్ల దగ్గర, బయటి నుంచి చూడటానికి వీలు లేని చోట జరిగింది. ఒకాయన కిటికీలోంచి గట్టిగా అరిస్తే దుండగుడు మొదట పారిపోయాడు కూడా. సోఫియా ఫరార్ అనే పొరుగింటావిడ, హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడో లేదో తెలియకుండానే, పరుగున దిగి వచ్చి చివరి నిమిషాల్లో కిట్టీని ఒళ్ళో పట్టుకుంది. ఆమె పేరు ఆ మొదటి పేజీ కథనంలో లేదు. ప్రయోగం ఫలితాలు గట్టివే, దానికి స్ఫూర్తినిచ్చిన వార్త తప్పుడుది. ఇలాంటి వింతలు ఈ రంగంలో ఇంకా ఉన్నాయి.

పైగా గదిలో తేలిన సంగతి వీధిలో యథాతథంగా నిలబడలేదు. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో బహిరంగ గొడవల సీసీ కెమెరా దృశ్యాలు 219 తీసుకుని ఒక బృందం లెక్కవేసింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒకరైనా అడ్డం వెళ్ళారు. జనం ఎక్కువగా ఉన్నకొద్దీ ఎవరో ఒకరు కల్పించుకునే అవకాశం పెరిగింది. దీనికీ డార్లీ, లటానే లెక్కలకూ పేచీ లేదు. గుంపులో ఒక్కొక్కరి పాలు తగ్గినా, మొత్తం మీద ఒక్కరైనా కదిలే అవకాశం ఎక్కువే ఉండొచ్చు. వీధి గొడవలో ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది, ఇంటర్‌కమ్‌లో కనిపించదు.

మన రోడ్ల మీద ప్రమాదం జరిగినప్పుడు జనం ఆగి చూసి, ఫోన్‌లో వీడియో తీసి వెళ్ళిపోతున్నారని వాపోవడం మామూలే. దాన్ని మానవత్వం మంటగలవడంగా రాసే వార్తలకూ కొదవ లేదు. కానీ ఇక్కడ పరిస్థితి అంటే పక్కనున్న జనం ఒక్కటే కాదు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు చుట్టుకుంటుంది, సాక్షిగా ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాలి, అడ్మిషన్ డబ్బు కట్టమంటారు అన్న భయం ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2012లో వేసిన వ్యాజ్యం మీద 2016 మార్చిలో సుప్రీంకోర్టు, సాయం చేసినవాళ్ళను వేధించరాదన్న మార్గదర్శకాలకు చట్టబద్ధత ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పోలీసులకు పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఈ మాట ఊరూరా తెలిస్తే జరిగే మేలు, మానవత్వం గురించి రాసే వంద సంపాదకీయాలకన్నా ఎక్కువ.

ఇదే తర్కంతో స్టాన్లీ మిల్‌గ్రామ్ షాక్ ప్రయోగాన్ని చూడాలి. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ వోల్టేజీ పెంచుతూ షాక్ కొట్టమని కోటు వేసుకున్న ప్రయోగకర్త చెబితే, 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు. షాక్ నిజం కాదు, నొక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఈ 65 శాతం అందరికీ తెలుసు. ప్రయోగకర్త గదిలో కాక ఫోన్‌లో ఆదేశాలిస్తే చివరి దాకా వెళ్ళినవాళ్ళు ఐదో వంతుకు పడిపోయారని, పక్కన కూర్చున్న ఇద్దరు 'మేం చెయ్యం' అని లేచిపోతే 40 మందిలో నలుగురే మిగిలారని అంతగా తెలియదు. కొందరు కుర్రాళ్ళను కాపలాదారులుగా, కొందరిని ఖైదీలుగా నటింపజేసిన స్టాన్‌ఫోర్డ్ జైలు ప్రయోగం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 1971లో రెండు వారాలనుకుని ఆరు రోజుల్లోనే ఆపేసిన ఆ తతంగంలో కాపలాదారులు వాళ్ళంతట వాళ్ళే క్రూరులైపోలేదు. కఠినంగా ఉండమని నిర్వాహకులే వాళ్ళను పురికొల్పిన రికార్డింగులు తర్వాత బయటపడ్డాయి. పాఠ్యపుస్తకాల్లో దానికిచ్చే చోటు తగ్గించాల్సిన సమయం ఎప్పుడో వచ్చింది.

పరిస్థితికి ఇంత బలం ఉన్నప్పుడు మనం రోజూ ఎదుటివాళ్ళను ఎలా అంచనా వేస్తున్నాం? పక్కవాడు ఆలస్యంగా వస్తే బద్ధకం, మనం వస్తే ట్రాఫిక్. ఎదుటివాళ్ళ ప్రవర్తనకు వాళ్ళ గుణాన్ని కారణంగా చూపి, చుట్టూ ఉన్న ఒత్తిళ్ళను తక్కువగా లెక్కించడాన్ని 1977లో లీ రాస్ మౌలికమైన ఆపాదన దోషం అన్నాడు. అదే ఏడాది ఆయన బృందం ఒక క్విజ్ పెట్టింది. ఇద్దరిలో ఒకరిని చీటీ తీసినట్టు ప్రశ్నలడిగేవాడిగా ఎంపిక చేసి, తనకు తెలిసిన కష్టమైన ప్రశ్నలే తయారుచేసుకోమన్నారు. సహజంగానే రెండోవాడు చాలావాటికి తెల్లముఖం వేశాడు. చూసేవాళ్ళకు ఈ ఏర్పాటంతా తెలుసు. అయినా ప్రశ్నలడిగినవాడే ఎక్కువ జ్ఞానవంతుడని మార్కులు వేశారు. తప్పు జవాబు చెప్పినవాడు కూడా తనకు తనే తక్కువ వేసుకున్నాడు. ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చుని వచ్చిన నిరుద్యోగికి ఇది వివరించనక్కర్లేదు.

దీనికి 'మౌలికమైన' అన్న మాట తగిలించడం తొందరపాటని తేల్చింది మన పొరుగు ఊరు మైసూరు. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు అమెరికాలోని షికాగోలోనూ, మైసూరులో హిందువుల మధ్యా ఒకే రకం ప్రశ్నలు అడిగింది. మీకు తెలిసినవాళ్ళు చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని చెప్పండి, ఎందుకలా చేశారో చెప్పండి అని. ఫలితాలు 1984లో వచ్చాయి. అందులో మైసూరు నుంచి వచ్చిన ఉదంతం ఒకటి: ఒక లాయరు మోటారుసైకిల్ మీద కోర్టుకు వెళ్తుండగా వెనక టైరు పేలి, వెనక కూర్చున్నాయన పడిపోయాడు, తలకు దెబ్బ తగిలింది. లాయరు అతన్ని ఆసుపత్రికి చేర్చి, పరిస్థితి ఎంత తీవ్రమో డాక్టరును అడగకుండానే కోర్టుకు వెళ్ళిపోయాడు. చివరికి ఆ మనిషి చనిపోయాడు. లాయరు అలా ఎందుకు చేశాడంటే, అమెరికన్లు బాధ్యత లేనివాడని, తన పనే తనకు ముఖ్యమనుకునేవాడని ఎక్కువగా చెప్పారు. మైసూరు వాళ్ళు లాయరుగా కోర్టులో క్లయింటు పట్ల అతనికున్న బాధ్యతను, ఆ కంగారును, దెబ్బ పైకి అంత తీవ్రంగా కనిపించకపోయి ఉండొచ్చన్న సంగతిని ఎక్కువగా ప్రస్తావించారు.

మిల్లర్ పెద్దవాళ్ళతో ఆగలేదు, ఎనిమిదేళ్ళ పిల్లల్నీ అడిగింది. ఆ వయసులో రెండు దేశాల పిల్లల జవాబులకూ పెద్ద తేడా లేదు. వయసు పెరిగేకొద్దీ అమెరికన్ పిల్లలు గుణం వైపు, మైసూరు పిల్లలు సందర్భం వైపు జరుగుతూ పోయారు. అంటే మనిషిని ఎలా అంచనా వేయాలో కూడా నలుగురిని చూసే నేర్చుకుంటాం. దీన్ని చూసి మనం గొప్పవాళ్ళమని పొంగిపోనక్కర్లేదు. మన కుటుంబాల్లోనే పక్క కులంవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు సందర్భం, ఒత్తిడి అన్నవన్నీ మాయమై 'వాళ్ళ బుద్ధే అంత' అన్న ఒక్క మాట మిగలడం ఎవరికి తెలియదు?

భారతదేశం ఈ శాస్త్రంలోకి వచ్చిన దారుల్లో ఇంకొకటి ఎక్కువమందికి తెలియదు. 1934 జనవరి 15న బిహార్‌లో పెను భూకంపం వచ్చింది. ఆ తర్వాత వ్యాపించిన పుకార్లను జమునా ప్రసాద్ అనే మనోవిజ్ఞాన పరిశోధకుడు సేకరించి మరుసటి ఏడాది ప్రచురించాడు. గంగలో నీళ్ళు మాయమై స్నానం చేస్తున్నవాళ్ళు ఇసుకలో కూరుకుపోయారట. పట్నాకు పెద్ద తుఫాను రాబోతోందట. చంద్రగ్రహణం రోజున ఇంకో భూకంపం ఖాయమట. దాదాపు ఇరవయ్యేళ్ళ తర్వాత అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ ఇది చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఈ పుకార్లు పుట్టింది భూమి కంపించినా నష్టం జరగని ప్రాంతాల్లో. బతికి బయటపడ్డవాళ్ళు ఊరట కలిగించే మాటలు చెప్పుకోవాలి గానీ, లేని భయాలు ఎందుకు పుట్టించుకున్నారు?

ఫెస్టింగర్‌కు తట్టిన జవాబు ఇది. భయం అప్పటికే ఉంది. కంపనకు గుండె అదిరింది, కానీ చుట్టూ చూస్తే భయపడటానికి తగిన కారణం కనపడదు. కారణం లేని భయం మనసుకు పొసగదు. అందుకని భయానికి తగిన కబుర్లు తయారయ్యాయి. ఈ ఊహను సరిచూడటానికి ఇంకో భారతీయ అధ్యయనం దొరికింది. డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి ఘోరం జరిగిన చోట దుర్గానంద్ సిన్హా పుకార్లను పరిశీలించాడు. కళ్ళారా నష్టం చూసిన అక్కడి జనంలో అలాంటి ముంచుకొచ్చే ప్రళయాల పుకార్లు లేవు. వాళ్ళ భయానికి కారణం ఎదురుగానే ఉంది కదా. 1957లో వచ్చిన కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతానికి మూలం ఇక్కడుంది. మనసులో పొసగని రెండు సంగతులుంటే, తేలిగ్గా మార్చగలిగినదాన్ని మార్చుకుని ఆ ఇబ్బంది తగ్గించుకుంటాం అన్నది దాని సారం.

1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ విద్యార్థులతో గంటసేపు విసుగు పుట్టించే పని చేయించి, బయట ఎదురుచూస్తున్నవాళ్ళకు అది సరదాగా ఉందని అబద్ధం చెప్పమన్నారు. కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చారు. తర్వాత అడిగితే, పని నిజంగానే బాగుందన్నది ఒక డాలరు తీసుకున్నవాళ్ళు. ఇరవై డాలర్లవాళ్ళకు అబద్ధానికి సాకు జేబులోనే ఉంది. ఈ తరహా ప్రయోగాల్లో ఒకదాన్ని 39 ప్రయోగశాలలు కలిసి తిరిగి చేసి 2024లో ఫలితాలు ప్రచురించాయి. అందులో పాల్గొన్నవాళ్ళు తమకు నచ్చని వాదనను సమర్థిస్తూ వ్యాసం రాయాలి. అలా రాసినవాళ్ళ అభిప్రాయం కొంత మారిన మాట నిజమే గానీ, స్వేచ్ఛగా ఎంచుకుని రాశారా, చెప్పినందుకు రాశారా అన్నదాన్ని బట్టి తేడా వస్తుందన్న సిద్ధాంతపు కీలక అంచనా అందులో నిలబడలేదు. కాబట్టి ప్రయోగశాల లెక్కలకన్నా పట్నా పుకార్లే ఈ ఆలోచనకు మంచి పరిచయం అనిపిస్తుంది. అప్పుచేసి స్కీములో డబ్బు పెట్టిన మనిషి, అది మోసమని పేపర్లో వచ్చిన రోజు నుంచి ఇంకా గట్టిగా దాన్ని వెనకేసుకొచ్చి ఇంకో ఇద్దరిని చేర్పించడం చూసినవాళ్ళకు దీని గురించి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చివరగా 'మనవాళ్ళు, పరాయివాళ్ళు' అన్న గీత. 1970 ప్రాంతంలో హెన్రీ టాజ్‌ఫెల్ బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో బడి పిల్లల్ని ఏ అర్థం లేని ప్రాతిపదికన రెండు జట్లు చేశాడు. తమ జట్టులో ఎవరున్నారో కూడా తెలియదు, తమకు సొంతంగా వచ్చేదీ ఏమీ లేదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టు వైపు మొగ్గారు. తమ జట్టుకు కాస్త తక్కువ వచ్చినా సరే, అవతలి జట్టుకన్నా ఎక్కువ ఉంటే చాలనుకున్న సందర్భాలూ ఉన్నాయి. గీత గీయడం ఇంత తేలిక. చెరపడం మాటో?

షెరీఫ్ 1954లో ఓక్లహామాలో ఇరవై ఇద్దరు పిల్లలతో ఒక వేసవి శిబిరం నడిపాడు. రెండు జట్లు చేసి పోటీలు పెట్టేసరికి జెండాలు తగలబెట్టుకోవడం, గుడిసెల మీద దాడులు మొదలయ్యాయి. కలిసి భోజనం పెడితే సర్దుకుంటారనుకుంటే ప్లేట్లలోని తిండి విసురుకున్నారు. నీళ్ళ ట్యాంకు పాడైనప్పుడు, తిండి తెచ్చే ట్రక్కు మొరాయించినప్పుడు మాత్రం కలిశారు. టగ్ ఆఫ్ వార్‌లో ఒకరినొకరు లాగిన తాడుతోనే అందరూ కలిసి ట్రక్కును లాగారు. అంతకు ముందు ఏడాది షెరీఫ్ చేసిన ఇలాంటి శిబిరం విఫలమైందన్నది తక్కువగా చెబుతారు. అక్కడ పిల్లల్ని విడదీయకముందే స్నేహాలు కుదిరిపోయాయి. నిర్వాహకులు ఎంత ఎగదోసినా వాళ్ళు కొట్టుకోలేదు.

కులం విషయంలో ఇలాంటి ప్రయోగాలు ఉత్తరప్రదేశ్‌లో జరిగాయి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే 321 మంది పైకులాల, 321 మంది దళిత బాలురకు చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చి, ఛేదించినదాన్ని బట్టి డబ్బు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు రెండు వర్గాలూ దాదాపు సమానంగా చేశాయి. మిగతా పిల్లల ముందు ప్రతి కుర్రాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం పైకి చదివాక దళిత పిల్లల ఫలితాలు దిగజారాయి. తెలివి నిమిషంలో మారదు. మారింది గదిలో వినబడ్డ ఒక మాట. స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజున క్లాసులో కులం పేరు పిలిచి లేచి నిలబడమనడం గుర్తున్నవాళ్ళు తెలుగు నేల మీద కోకొల్లలు. ఆ ఫారాలను స్టాఫ్ రూములో ఒక్కొక్కరినీ పిలిచి నింపుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మాథ్యూ లో అనే ఆర్థికవేత్త ఆ రాష్ట్రంలోనే కులాలు కలిపిన జట్లతో, ఒకే కులపు జట్లతో క్రికెట్ లీగ్‌లు నడిపి 2021లో ఫలితాలు ప్రచురించాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ళ మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా ఎదురైనవాళ్ళ మధ్య తగ్గాయి. వేరువేరు వర్గాలు కలిసినప్పుడు వాటి మధ్య ద్వేషం తగ్గాలంటే ఉండాలని 1954లో ఆల్‌పోర్ట్ చెప్పిన షరతులు ఇవే: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ కాక సహకారం, పైనున్నవాళ్ళ మద్దతు. ఊరికే ఒకచోట చేర్చితే పని జరగదు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు ఇన్నాళ్ళూ ప్రధానంగా విడివిడి సొసైటీల కింద నడిచాయి. ఇంట్లో, ఊళ్ళో దొరకని భద్రతను ఆ పిల్లలకు అవి ఇచ్చాయి, ఆ మేలును తక్కువ చేయకూడదు. అందరినీ ఒకే ప్రాంగణంలోకి తెచ్చే యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ స్కూళ్ళకు 2024లో శంకుస్థాపనలు జరిగాయి. వాటి మీద చర్చ ఎకరాలు, కోట్ల చుట్టూనే తిరుగుతోంది. డార్మిటరీలో మంచాలు ఏ వరసలో వేస్తారు, మెస్ కమిటీలో ఎవరుంటారు, హౌస్ కెప్టెన్లను ఎలా ఎంచుతారు అన్నవి ఆర్కిటెక్టు గీసిన ప్లానులో కనిపించవు. క్రికెట్ లీగ్ ఫలితాన్ని బట్టి చూస్తే, పాత సొసైటీల వారీగానే హౌస్‌లు ఉంచి వాటి మధ్య కబడ్డీ, వాలీబాల్ టోర్నీలు పెట్టడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు.